చుక్క పెట్టిన గ్లాసు

వారాసిగూడలో మూడో అంతస్తు మీద మా మిద్దె.
పాత పెయింటు బకెట్లు పదిహేడు,
పాడైన వాషింగ్ మెషిన్ డ్రమ్ము ఒకటి,
దాంట్లో దొండతీగ.
మట్టి శామీర్‌పేట వైపు నుంచి,
సాయిలు ఆటోలో వేసుకొచ్చి
మూట మూటకీ మెట్ల మీద ఆగి ఆగి మోశాడు.
గడ్డలు పగలగొట్టడం నా వంతు.
ఎండల్లో, పొడి పొడిగా, పిడికిట్లో నలిపి
పాత గోధుమపిండి జల్లెడతో పట్టేదాన్ని.
సన్నటి పొగ లేచేది.
ఎంత మంచి వాసనో.
గుండెల నిండా పీల్చేదాన్ని.

బోనాలకి దగ్గు మొదలైంది.
బతుకమ్మ నాటికి తెమడలో నెత్తుటి చార.
ఎర్రగడ్డలో గాజుపలక మీద
ఎర్రటి పుల్లల్లాంటివి కనబడ్డాయట.
ఇంకేముంది, టీబీ అన్నారు.
ఆరు నెలల బిళ్లలు. నారింజ రంగు మూత్రం.

మా తోడికోడలు ప్రమీల ఒక్క మాట అనలేదు.
నా స్టీలు గ్లాసు అంచున
గోరురంగుతో ఎర్రటి చుక్క పెట్టింది, అంతే.
మైత్రికి ఆరేళ్లు.
గుమ్మంలోంచి బండలు లెక్కపెట్టుకుంటూ వచ్చి
నాలుగో బండ మీద ఆగేది.
"ఇక్కడి దాకా రావచ్చు కదమ్మా?"
ఐదో బండ మీద నా చాప.

అందుకే పైకి పోయేదాన్ని.
బచ్చలి నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకోదు.
గోంగూర వెనక్కి జరగదు.
చేతులు మోచేతుల దాకా మట్టిలో పెట్టి
కుండీల మీదికి వంగి
ఊరికే కూర్చునేదాన్ని.
ఆ ఆరు నెలలూ నన్ను ముట్టుకున్నది
అదొక్కటే.

బిళ్లలైపోయాయి. దగ్గు పోలేదు.
ఈసారి తెమడని పెంచి చూశారు, వారాల తరబడి.
డాక్టర్ నిఖత్ కాగితం తిప్పి తిప్పి చదివి
"ఇది టీబీ కాదమ్మా, దాని దాయాది.
ఇంటిపేరొకటే, కాపురం వేరు.
మనుషుల్లో కాదు, మట్టిలో ఉంటది, నీళ్లలో ఉంటది.
ఒకరి నుంచి ఒకరికి అంటడం మేం చూడం" అంది.
ఆగి, "ఇంట్ల మొక్కలున్నయా?" అంది.

నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది.
మా నాయనమ్మ కోపమొస్తే
"నీ నోట్ల మన్నువడ" అనేది.
ముసలిది, ఎన్నేళ్లకి ఫలించింది!

టిఫిన్ డబ్బాలో మట్టి తీసుకుపోతే
ల్యాబులో ఇమ్రానా మూత తెరిచి
"అయ్యో, కట్టా దాల్ అనుకున్నా" అంది.
నెలన్నరకి రెండు గాజుమూతలు పక్కపక్కన పెట్టింది.
ఒకటి నా ఛాతీది, ఒకటి నా దొండతీగది.
రెంటిలోనూ అవే లేతపసుపు చుక్కలు,
పొద్దుటి ముగ్గు పెట్టబోయి ఆగినట్టు.
"అందరికీ రాదక్కా.
చిన్నప్పటి కోరింతదగ్గు మచ్చ ఉందంట నీ కుడివైపు.
అక్కడ చోటు దొరికింది దానికి."

చోటు.
ఆ ఆరు నెలలూ నేను వెతుక్కున్నదీ అదే.
మట్టి మీద కోపం తెచ్చుకుందామని
ఆ సాయంత్రం మిద్దె ఎక్కాను.
రాలేదు.
నేను దాన్ని నలిపాను, అది నాలోకి వచ్చింది,
దానికేం తెలుసు నాకు కూతురుందని?
కోపమంతా ఆ నాలుగో బండ మీదే.

ఇప్పుడు మూడు రకాల బిళ్లలు, ఏడాదిన్నర అంటున్నారు.
నోరు చేదు, చెవిలో గుయ్యిమని మోత.
మట్టి మార్చే పని సాయిలుది.
మూతికి మాస్కు కట్టుకుని
దొంగలా ఉన్నానా అని అడుగుతాడు.
కదిపే ముందు తడపాలి, పొడి లేవకూడదు.

ప్రమీల స్పిరిటు తెచ్చి
గ్లాసు మీది చుక్క చెరపబోయింది, తల ఎత్తకుండా.
వద్దన్నాను.
అది ఇప్పుడు మిద్దె మీద ఉంటుంది, నీళ్ల డ్రమ్ము పక్కన.
మైత్రి దాంతో ముంచి
బకెట్టు బకెట్టుకీ పోస్తుంది,
నేను రెండడుగుల దూరంలో నిలబడి
"ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే.